పిల్లలకు డేటాబేస్ నేర్పాలంటే మొదట ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలి?

మూడేళ్ల కింద రంజాన్‌లో మా మొహల్లాలో రేషన్ కిట్లు పంచాం. బియ్యం, నూనె, కందిపప్పు, చక్కెర, ఖర్జూరం, సేమ్యాలు కలిపి ఇంటికో సంచి. దాదాపు 200 కుటుంబాల లిస్టు ఎక్సెల్‌లో ఉంది. బీకాం చదివినవాళ్లకి ఎక్సెల్ అప్పజెప్పడం మన దగ్గర రివాజు కదా, ఆ లిస్టు నా చేతికొచ్చింది. పేర్లు అక్షర క్రమంలో ఉంటే వెతకడం తేలిక అనుకుని పేర్ల కాలమ్ ఒక్కటే సెలెక్ట్ చేసి సార్ట్ కొట్టాను. మిగతా కాలమ్‌లను కూడా కలపాలా అని ఎక్సెల్ అడిగింది. హడావిడిలో వద్దన్నట్టు నొక్కేశాను. పేర్లన్నీ పైకీ కిందికీ జరిగిపోయాయి. ఇంటి నంబర్లు, ఫోన్ నంబర్లు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. సేవ్ కూడా అయిపోయింది.

ఒకరి పేరు మీద ఇంకొకరి ఇంటి నంబరుతో టోకెన్లు ప్రింటయ్యాయి. వాలంటీర్లు కుర్రాళ్లు, ఇంటి నంబరు చూసి సంచి ఇచ్చేసి వచ్చారు, పేరు అడగలేదు. అయినా చాలామందికి అందాయి, ఎందుకంటే లిస్టులో ఉన్న ఇళ్లే కదా. కానీ కొన్ని ఇళ్లలో ఈ పేరు మాది కాదని సంచి తీసుకోలేదు. కొందరికి రెండు వెళ్లాయి. 26వ రోజా నాడు అసర్ తర్వాత ఒక పెద్దావిడ మసీదు గేటు దగ్గర నిలబడి, గొంతు తగ్గించి అడిగింది. "మేరా నామ్ నికాల్ దియే క్యా బేటా?" నా పేరు తీసేశారా అని. పేరు తీసేయలేదు నానీమా, పేరు లిస్టులోనే ఉంది, ఇల్లు మారిపోయింది అని చెప్తే ఆవిడకేం అర్థమవుతుంది? ఆ రాత్రే సంచి తీసుకెళ్లి ఇచ్చాం. కానీ ఆవిడ అన్ని రోజులు ఎదురుచూసి, అడగాలా వద్దా అని ఆలోచించి, చివరికి వచ్చి అడగాల్సి వచ్చింది కదా. అది నన్ను వదల్లేదు.

ఆ వేసవిలోనే మసీదు పక్క గదిలో ఇంటర్, డిగ్రీ చదివే పది మంది పిల్లలకి డేటాబేస్ నేర్పే పని పెట్టుకున్నాం. నేను సాఫ్ట్‌వేర్ మనిషిని కాదు. డిగ్రీలో డీబీఎంఎస్ పేపర్ రాసి పాసయ్యాను, రికార్డులో బొమ్మలు గీశాను, అంతే. రెండు బ్యాచ్‌లు నడిపాక, ఈ చదువులో మొదటి చిక్కు పాఠం దగ్గర కాదు, ఏ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టాలి అన్న దగ్గరే ఉందని తెలిసింది. ఇప్పుడు చాలా ఊళ్లలో మనవాళ్లు ఇలాంటి చిన్న క్లాసులు పెడుతున్నారు. కొందరు తల్లిదండ్రులు ఫీజు కట్టి కోచింగ్‌కి పంపుతున్నారు. వాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

అసలు డేటాబేస్ అంటే ఏంటి

ముందు ఆ సార్ట్ సంగతే తీసుకుందాం. ఎక్సెల్‌లో ప్రతి గడి దేనికదే. పేరు గడికి పక్కనున్న ఇంటి నంబరు గడితో ఏ బంధమూ లేదు, మనం పక్కపక్కన రాశాం కాబట్టి ఉందనుకుంటాం. డేటాబేస్‌లో అలా కాదు. ఒక కుటుంబం అంటే ఒక వరుస, ఆ వరుస మొత్తం ఒకే ముక్క. పేర్లను ఎలా తిప్పినా దాని ఇల్లు, ఫోను దాని వెంటే వస్తాయి. నేను చేసిన తప్పు అక్కడ చేద్దామన్నా కుదరదు.

ఇంకో సంగతి ఏంటంటే, డేటాబేస్‌లో సమాచారం ఒక్క పట్టికలో ఉండదు, కొన్ని పట్టికల్లో ఉంటుంది. కామర్స్ వాళ్లకి ఇది తొందరగా అర్థమవుతుంది. జర్నల్‌లో ఎల్.ఎఫ్. అని ఒక సన్నటి కాలమ్ ఉంటుంది, లెడ్జర్ ఫోలియో. ఈ ఎంట్రీ లెడ్జర్‌లో ఏ పేజీకి వెళ్లిందో ఆ పేజీ నంబరు అందులో వేస్తాం. పార్టీ చిరునామా, పాత బాకీ అన్నీ జర్నల్‌లో మళ్లీ రాసుకుంటూ కూర్చోం. ఆ నంబరు పట్టుకుని వెళ్తే అవన్నీ లెడ్జర్‌లో దొరుకుతాయి. డేటాబేస్‌లో ఫారిన్ కీ అనేది ఇదే. కుటుంబాలు ఒక పట్టిక, పంపిణీ ఇంకో పట్టిక. పంపిణీ పట్టికలో కుటుంబం నంబరు మాత్రమే ఉంటుంది. ఆ కుటుంబం ఇల్లు మారితే ఒక్కచోట దిద్దితే చాలు.

ఈ ఆలోచన పాతదే. ఐబీఎంలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ 1970లో ఒక వ్యాసం రాసి దీనికి పునాది వేశాడు. 1974లో అదే కంపెనీలో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయ్స్ కలిసి పట్టికల్ని ప్రశ్నలడిగే భాష తయారుచేశారు. దానికి మొదట సీక్వెల్ అని పేరు, తర్వాత ఎస్‌క్యూఎల్ అయింది. యాభై ఏళ్లు దాటినా ఇప్పటికీ బ్యాంకుల్లో, ఆస్పత్రుల్లో, షాపింగ్ యాప్‌లలో నడుస్తున్నది ఆ భాషే. సాఫ్ట్‌వేర్లు వస్తాయి, పోతాయి, భాష మాత్రం పెద్దగా మారలేదు. కాబట్టి పిల్లలకు నేర్పాల్సింది ఆ భాషని, పట్టికల ఆలోచనని. సాఫ్ట్‌వేర్ దానికి పలక లాంటిది.

మరి ఎక్సెల్‌తోనే నెట్టుకురావచ్చు కదా అని చాలామంది అడుగుతారు. చిన్న లెక్కలకి బాగానే ఉంటుంది, నేనిప్పటికీ వాడతాను. కానీ 2020లో బ్రిటన్‌లో ఏం జరిగిందో చూడండి. కోవిడ్ పరీక్షల ఫలితాలను అక్కడి ఆరోగ్య సంస్థ పాత తరహా ఎక్సెల్ ఫైళ్లలోకి తీసుకుంది. ఆ పాత ఫార్మాట్‌లో ఒక షీటుకి 65,536 వరుసలే పడతాయి. అవి దాటినవి చప్పుడు లేకుండా రాలిపోయాయి. 15,841 పాజిటివ్ కేసులు సమయానికి లెక్కలోకి రాలేదు, వాళ్లతో కలిసి తిరిగినవాళ్లకి కబురు ఆలస్యమైంది. అంత పెద్ద దేశంలోనే అలా అయితే మా మొహల్లా ఎంత? ఎక్సెల్‌కి ఇంకో అలవాటు ఉంది, నంబర్లను తన ఇష్టానికి మార్చేస్తుంది. ముందున్న సున్నాలు తీసేస్తుంది. 15 అంకెలు దాటిన నంబరు కొడితే చివరి అంకెల్ని సున్నా చేస్తుంది. 16 అంకెల కార్డు నంబరు ఒకసారి కొట్టి చూడండి, చివరి అంకె పోతుంది.

మొదటి బ్యాచ్‌లో నేను చేసిన పొరపాటు

ఉద్యోగాల్లో అడిగేది మైఎస్‌క్యూఎల్, సీబీఎస్ఈ ప్లస్ టూ కంప్యూటర్ సైన్స్‌లో ఉన్నదీ అదే. కాబట్టి దాంతోనే మొదలుపెడదాం అనుకున్నాను. మా దగ్గరున్నవి విరాళంగా వచ్చిన నాలుగు పాత ల్యాప్‌టాప్‌లు, రెండింట్లో ర్యామ్ 4 జీబీ. నెట్ అంటే నా ఫోన్ హాట్‌స్పాటే.

మైఎస్‌క్యూఎల్ అంటే ఒక సర్వర్. అంటే వెనకాల ఎప్పుడూ ఒక ప్రోగ్రామ్ నడుస్తూ ఉంటుంది, మనం ఇంకో ప్రోగ్రామ్‌తో దానికి కనెక్ట్ అయి పని చెప్పాలి. మధ్యలో యూజర్ పేరు, పాస్‌వర్డ్, పోర్ట్ నంబరు 3306. విండోస్‌లో వేయాలంటే ముందు మైక్రోసాఫ్ట్ వాళ్ల విజువల్ సీ ప్లస్ ప్లస్ ఫైళ్లు ఉండాలి, అవి లేకపోతే ఇంకో డౌన్‌లోడ్. ఒక ల్యాప్‌టాప్‌లో పడింది. ఇంకోదాంట్లో రూట్ పాస్‌వర్డ్ పెట్టిన అమ్మాయి మర్నాటికి మర్చిపోయింది. మూడోదాంట్లో యాక్సెస్ డినైడ్, ఎర్రర్ 1045. మూడు సాయంత్రాలు మగ్రిబ్ నుంచి ఇషా దాకా ఇదే పని. నాలుగో రోజుకి పది మందిలో ఆరుగురే వచ్చారు. రాని నలుగురిలో ముగ్గురు ఆడపిల్లలు. ఇంట్లో వాళ్లని ఒప్పించుకుని వచ్చిన పిల్లలు, మూడు రోజులు కుర్చీలో కూర్చుని స్క్రీన్ వైపు చూసి వెళ్లారు. ఇంటికెళ్లి ఏం నేర్చుకున్నావ్ అంటే ఏం చెప్తారు?

తప్పు ఆ సాఫ్ట్‌వేర్‌ది కాదు. అది ఎక్కువమంది ఒకేసారి వాడే పనుల కోసం చేసినది, అందుకే ఆ పాస్‌వర్డ్‌లూ ఆ పోర్టులూ. మొదటి వారం పిల్లలకి అవేవీ అక్కర్లేదు, నేను తెచ్చి వాళ్ల ముందు పెట్టాను. అప్పట్నుంచి నాకో కొలత ఏర్పడింది. మొదటి రోజు, మొదటి గంటలో పిల్ల తన చేత్తో ఒక పట్టిక చేసి, దాన్ని ఒక ప్రశ్న అడిగి, జవాబు చూడగలగాలి. అది కుదరనిది ఎంత గొప్ప సాఫ్ట్‌వేరైనా మొదటి పలకగా పనికిరాదు.

మొదటి గంటకి ఎస్‌క్యూలైట్

రెండో బ్యాచ్‌కి ఎస్‌క్యూలైట్ తీసుకున్నాం. దీన్ని రిచర్డ్ హిప్ అనే అమెరికా ప్రోగ్రామర్ 2000లో విడుదల చేశాడు. సర్వర్ ఉండదు, పాస్‌వర్డ్ ఉండదు. డేటాబేస్ మొత్తం ఒక్క ఫైలు. పెన్‌డ్రైవ్‌లో వేసుకోవచ్చు, వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపుకోవచ్చు. ఆ మాటకొస్తే ఆండ్రాయిడ్ ఫోన్‌లో వాట్సాప్ మన మెసేజ్‌లు దాచుకునేది ఎస్‌క్యూలైట్ ఫైల్లోనే. ఇది చెప్పగానే పిల్లలు తమ ఫోన్ల వైపు చూసుకున్నారు. ఇది పిల్లల ఆటబొమ్మ కాదు, జేబులో ఉన్నదే ఇది అని తెలిశాక వాళ్ల ధోరణి మారింది.

ఎస్‌క్యూలైట్‌ని కిటికీలు, బటన్లతో వాడటానికి డీబీ బ్రౌజర్ ఫర్ ఎస్‌క్యూలైట్ అని ఒక ఉచిత ప్రోగ్రామ్ ఉంది. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటికీ దొరుకుతుంది. విండోస్‌లో ఇన్‌స్టాల్ అక్కర్లేని జిప్ ఫైలు కూడా ఇస్తారు, విప్పి డబుల్ క్లిక్ చేస్తే చాలు. నేను ఇంట్లోనే ఒక్కసారి డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లాను. పది నిమిషాల్లో నాలుగు ల్యాప్‌టాప్‌లలోనూ తెరుచుకుంది. ఆ సాయంత్రమే పిల్లలు తమ గల్లీలోని కిరాణా షాపుల పట్టిక చేశారు.

ఇందులో నాకు బాగా నచ్చింది ఎస్‌క్యూఎల్ లాగ్ అనే చిన్న కిటికీ. మనం మౌస్‌తో ఏదైనా మార్చినప్పుడు ప్రోగ్రామ్ వెనకాల ఏ ఎస్‌క్యూఎల్ వాక్యం పంపిందో అందులో కనిపిస్తుంది. బటన్ నొక్కడం నుంచి భాష రాయడం వైపు మెల్లగా తీసుకెళ్లడానికి అదే మెట్టు. ఇంకోటి రైట్ చేంజెస్ బటన్. అది నొక్కేదాకా మార్పులు ఫైల్లోకి పక్కాగా చేరవు. మాకు రెండో రోజే పాఠం అయింది. బ్యాటరీ చచ్చిపోయిన ల్యాప్‌టాప్ మీద ఒకబ్బాయి 40 వరుసలు కొట్టాడు, కరెంటు పోయింది, వరుసలూ పోయాయి. కమిట్ అంటే ఏమిటో పుస్తకంలో చదివి మర్చిపోతారు, అలా నేర్చుకున్నది మర్చిపోరు. పాపం, ఆ అబ్బాయి మళ్లీ మొత్తం కొట్టాడు.

భాష నేర్పేటప్పుడు ఒక చిన్న కిటుకు దొరికింది. ఎస్‌క్యూఎల్ వాక్యం ఇంగ్లీష్ వరసలో ఉంటుంది. సెలెక్ట్ పేరు, ఫ్రమ్ కుటుంబాలు, వేర్ వీధి ఫలానా. మన పిల్లలకి ఇది తలకిందులుగా అనిపిస్తుంది. తెలుగులో మనం ఎలా అంటాం? "కుటుంబాల లిస్టులోంచి, ఫలానా వీధిలో ఉన్నవాళ్ల, పేర్లు తియ్యి." ఉర్దూలోనూ అంతే, క్రియ చివరే వస్తుంది. తమాషా ఏంటంటే డేటాబేస్ ఆ వాక్యాన్ని అర్థం చేసుకునే వరస కూడా ఇదే. ముందు ఫ్రమ్, తర్వాత వేర్, చివరికి సెలెక్ట్. అందుకే ప్రశ్నని ముందు తెలుగులో నోటితో చెప్పించి, చెప్పిన వరసలోనే ఫ్రమ్ నుంచి రాయించి, సెలెక్ట్‌ని చివర్లో పైన చేర్చమన్నాను. ఇంగ్లీష్ మీడియం కాదని భయపడే పిల్లలకి ఇది చాలా ధైర్యం ఇచ్చింది.

వద్దని చెప్పగలగాలి

ఎస్‌క్యూలైట్‌లో లోపం లేదని కాదు. ఒక పెద్ద లోపమే ఉంది, అది మరీ మెతక. మనం తప్పు రాసినా సరేనంటుంది. మొదలుపెట్టేవాళ్లకి మెతకదనం హాయిగా ఉంటుంది కానీ డేటాబేస్ అనేది ఎందుకు పుట్టిందో అదే కనిపించకుండా పోతుంది. మంచి గుమాస్తా తప్పు ఓచర్‌ని వెనక్కి తోసినట్టు, డేటాబేస్ కూడా తప్పు ఎంట్రీని తోసేయాలి. కాబట్టి సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు అది ఏం చేయనిస్తుంది అన్నదే కాదు, దేన్ని ఒప్పుకోదు అన్నది కూడా చూడాలి.

వయసు అనే కాలమ్‌ని పూర్ణ సంఖ్యగా ప్రకటించి అందులో "ముప్పై" అని రాయండి. ఎస్‌క్యూలైట్ మామూలుగా తీసేసుకుంటుంది. తర్వాత సగటు వయసు అడిగితే పిచ్చి జవాబు వస్తుంది. దీనికి విరుగుడుగా 2021 నవంబర్‌లో వచ్చిన 3.37 వెర్షన్‌లో స్ట్రిక్ట్ అనే మాట చేర్చారు. పట్టిక చేసేటప్పుడు చివర ఆ మాట రాస్తే, అంకెలు ఉండాల్సిన చోట అక్షరాలు రానివ్వదు. డీబీ బ్రౌజర్ పాత వెర్షన్లలో ఇది ఉండదు, కొత్తదే దించుకోండి.

ఫారిన్ కీ సంగతి ఇంకా ముఖ్యం. కుటుంబాల పట్టికలో 112వ నంబరు లేనే లేదు, కానీ పంపిణీలో 112కి సంచి ఇచ్చామని రాశారనుకోండి. లెడ్జర్‌లో లేని పేజీకి ఫోలియో వేసినట్టే. ఎస్‌క్యూలైట్‌లో ఈ తనిఖీ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, కనెక్ట్ అయిన ప్రతిసారీ ఆన్ చేయాలి. డీబీ బ్రౌజర్‌లో ఎడిట్ ప్రాగ్మాస్ అనే చోట ఫారిన్ కీస్ పక్కన టిక్ ఉందో లేదో మొదటి రోజే చూసుకోండి. పైథాన్ నుంచి వాడితే మనమే ఆ వాక్యం రాయాలి. టిక్ తీసేసి ఒకసారి, పెట్టి ఒకసారి అదే తప్పు చేయించండి. రెండోసారి కాన్‌స్ట్రెయింట్ ఫెయిల్డ్ అని ఎర్రర్ వచ్చినప్పుడు మా క్లాసులో ఒకమ్మాయి "ఇది మనల్ని ఆపింది సార్" అంది, కంగారుగా కాదు, సంబరంగా.

పేర్ల గొడవ మన ఇళ్లలో మరీ ఎక్కువ. ఒకే మనిషి ఆధార్‌లో షేక్ మహబూబ్ బాషా, రేషన్ కార్డులో ఎస్.కె. మెహబూబ్ బాష, స్కూల్ సర్టిఫికెట్‌లో షేక్ మహబూబ్. మహమ్మద్, మొహమ్మద్, ఎండీ సంగతి చెప్పనక్కర్లేదు. ముగ్గురూ ఒకరేనని ఏ సాఫ్ట్‌వేరూ దానంతటది కనిపెట్టదు. పేరు కీలకంగా పనికిరాదని పిల్లలకి దీనికన్నా మంచి ఉదాహరణ ఏ పుస్తకంలోనూ దొరకదు. రేషన్ కార్డు నంబరుకి యూనిక్ అని పెడితే అదే కార్డుతో రెండో పేరు రాదు. మరి కార్డు లేనివాళ్లు? వాళ్లకి నల్, అంటే "తెలీదు, లేదు" అని వదిలేయాలి. నల్ ఎంతమందికైనా ఉండొచ్చు. కానీ ఖాళీ అక్షరమాల పెడితే అది కూడా ఒక విలువే, రెండోసారి యూనిక్ అడ్డుపడుతుంది. ఖాళీకీ తెలియకపోవడానికీ తేడా ఉందని మా పిల్లలకి అలా తెలిసింది. నంబర్లన్నీ టెక్స్ట్‌గానే పెట్టించండి, వాటితో కూడికలు చేసేది లేదు కదా, సున్నాలు పోకుండా ఉంటాయి.

తేదీల్లో జాగ్రత్త. ఎస్‌క్యూలైట్‌కి తేదీ అనే రకం విడిగా లేదు, టెక్స్ట్‌గానే దాచుకుంటుంది. మన అలవాటు ప్రకారం రోజు ముందు రాస్తే వరసలో పెట్టినప్పుడు మొత్తం కలగాపులగం అవుతుంది. సంవత్సరం, నెల, రోజు ఈ వరసలో రాయించాలి. ఇలా రాస్తే హిజ్రీ తేదీలు కూడా చక్కగా వరసలో వస్తాయి.

మిగతావి ఎప్పుడు

నెల రోజులయ్యాక, పట్టికలు కలపడం వచ్చాక, మైఎస్‌క్యూఎల్‌కి వెళ్లాలి. వెళ్లకపోతే ఇంటర్వ్యూలో ఇబ్బంది పడతారు. అప్పటికి పిల్లలకి భాష తెలుసు కాబట్టి ఇన్‌స్టలేషన్ తలనొప్పిని తట్టుకుంటారు. విడిగా సర్వర్ వేయడం కష్టమైతే ఎక్స్‌ఏఎంపీపీ అనే ప్యాకేజీలో అన్నీ కలిపి వస్తాయి, బ్రౌజర్‌లోనే పీహెచ్‌పీమైఅడ్మిన్ తెరుచుకుంటుంది. పేరుకి మైఎస్‌క్యూఎల్ అని కనిపించినా అందులో ఉండేది దాని తోబుట్టువు మరియాడీబీ. నేర్చుకోవడానికి తేడా పెద్దగా లేదు. దాంట్లో రూట్‌కి పాస్‌వర్డ్ ఉండదు, ఇంట్లో నేర్చుకోవడానికే తప్ప నెట్‌లో పెట్టకూడదు. ఇంకోటి, మైఎస్‌క్యూఎల్ పాత వెర్షన్ అయితే తెలుగు, ఉర్దూ పేర్లు ప్రశ్నార్థకాలుగా మారిపోవచ్చు. 8.0 నుంచి ఆ గొడవ లేదు. ఎక్సెల్ నుంచి లిస్టు తెచ్చేటప్పుడు కూడా సీఎస్‌వీ యూటీఎఫ్-8 అని ఉన్నదే ఎంచుకుని సేవ్ చేయాలి, లేకపోతే అక్కడే పేర్లు పాడవుతాయి.

పోస్ట్‌గ్రెస్ ఇంకా కచ్చితమైన మనిషి. వీధివారీగా కుటుంబాల సంఖ్య అడుగుతూ, మధ్యలో ఇంటి పెద్ద పేరు కూడా చూపమన్నామనుకోండి. వీధిలో 30 మంది ఉంటే ఎవరి పేరు చూపాలి? ప్రశ్నే తప్పు. ఎస్‌క్యూలైట్ ఎవరిదో ఒకరి పేరు చూపించి ఊరుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ ప్రశ్న సరిగా లేదని తిప్పి పంపిస్తుంది. మైఎస్‌క్యూఎల్ కూడా 5.7 నుంచి మామూలుగా తిప్పే పంపుతోంది. ఓపిక ఉన్న పిల్లలకి రెండో మెట్టుగా పోస్ట్‌గ్రెసే మంచిదని నా అభిప్రాయం, కానీ మన దగ్గర కాలేజీలు, కోచింగ్‌లు ఎక్కువగా మైఎస్‌క్యూఎల్ వైపే ఉన్నాయి.

మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో పట్టికల మధ్య గీతలు కళ్లకి కనిపిస్తాయి, ఫారాలు తేలిగ్గా తయారవుతాయి. కానీ విండోస్‌లో తప్ప నడవదు, డబ్బు కట్టాలి. చాలా సెంటర్లలో క్రాక్ చేసిన ఆఫీసు వేసి నేర్పుతున్నారు. ఉచితంగా, హక్కుగా వాడుకోగలిగినవి ఇన్ని ఉండగా దొంగ కాపీతో చదువు మొదలుపెట్టించడం ఎందుకు? దాంతోపాటు వైరస్ కూడా వస్తుంది. లిబ్రెఆఫీస్ బేస్ ఉచితమే కానీ జావా కూడా వేయాలి, పాత ల్యాప్‌టాప్‌లో మాకు నత్తనడక అయింది. ల్యాప్‌టాప్ అసలే లేని పిల్లలకి ఫోన్ బ్రౌజర్‌లో తెరుచుకునే ఆన్‌లైన్ సాధన సైట్లు ఉన్నాయి, ఎస్‌క్యూఎల్ బోల్ట్ లాంటివి. సాధనకి పర్వాలేదు. కానీ తనదంటూ ఒక ఫైలు చేతిలో ఉండదు, నెట్ పోతే పాఠం పోతుంది.

కోచింగ్‌లో చేర్చే ముందు తల్లిదండ్రులు రెండు మాటలు అడగండి చాలు. మొదటి రోజు పిల్లలు తమ చేత్తో పట్టిక చేస్తారా, లేక బోర్డు మీద చూసి రాసుకుంటారా? ఇంట్లో ఉన్న మా పాత కంప్యూటర్‌లో అదే సాఫ్ట్‌వేర్ నడుస్తుందా? జవాబు నసిగితే ఇంకోచోట చూసుకోండి.

అమానత్ విషయం

క్లాసులో అసలు రేషన్ లిస్టు ఇవ్వకండి. ఎవరింట్లో ఏం లేదో ఆ లిస్టు చెప్తుంది. బేవాలు, రోగులు, అప్పులున్నవాళ్లు, అన్నీ అందులో ఉంటాయి. అది మన దగ్గర పెట్టిన అమానత్. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా వచ్చింది, కానీ చట్టం రాకముందు కూడా ఇది తప్పే. మేం కల్పిత పేర్లు, కల్పిత నంబర్లతో 60 వరుసల లిస్టు చేసుకున్నాం. కావాలనే అందులో రెండు డూప్లికేట్లు, ఒక తప్పు వీధి పెట్టాను, పిల్లలు పట్టుకోవాలని. ఎస్‌క్యూలైట్ ఫైలుకి మామూలుగా తాళం ఉండదు, ఫైలు దొరికినవాడికి లోపలున్నదంతా దొరికినట్టే. అసలు లిస్టు ఇప్పుడు కమిటీ దగ్గర ఒకే ల్యాప్‌టాప్‌లో ఉంటుంది, దానికి పాస్‌వర్డ్ ఉంది, ఇద్దరి చేతుల్లోనే ఉంటుంది.

పోయిన రంజాన్‌లో ఆ ఇద్దరిలో ఒకరు మా రెండో బ్యాచ్ అమ్మాయి. సంచి ఇచ్చి వచ్చిన ప్రతిసారీ పంపిణీ పట్టికలో కుటుంబం నంబరు, తేదీ ఎక్కించింది. 20వ రోజా నాడు కుటుంబాలనీ పంపిణీనీ లెఫ్ట్ జాయిన్‌తో కలిపి, పంపిణీ వైపు నల్ ఉన్నవాటిని తీసింది. అంటే లిస్టులో ఉండి కూడా ఇంకా అందనివాళ్లు. నాలుగు ఇళ్లు వచ్చాయి. తరావీహ్ తర్వాత ముగ్గురం బండ్ల మీద సంచులు పెట్టుకుని వెళ్లాం. మూడు ఇళ్లలో ఇచ్చాం. నాలుగో ఇంటికి తాళం ఉంది, కూతురి కాన్పుకి ఊరెళ్లారని పక్కింటివాళ్లు చెప్పారు. ఆ సంచి మసీదు గదిలో పెట్టి, పంపిణీలో ఎక్కించకుండా వదిలేశాం, వాళ్లొచ్చేదాకా ఆ పేరు అలా కనిపిస్తూనే ఉండాలని.